మేళం కట్టిన కుర్రాళ్ళు

మా కాలనీ కమ్యూనిటీ హాలులో ఆదివారం పొద్దున్న అయిదున్నరకే లైట్లు వెలుగుతాయి. సీమంతాలకీ, సంతాప సభలకీ, ఎన్నికలప్పుడు పోలింగుకీ తప్ప తాళం తీయని హాలు అది. ఏడాదిన్నరగా అక్కడ పదకొండు మంది డ్యాన్స్ ప్రాక్టీసు చేస్తున్నారు. ఎనిమిది మంది అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు, అందరూ పద్దెనిమిదికీ ఇరవై ఆరుకీ మధ్యవాళ్ళు. ఒకతను బైకు మీద హోటల్ భోజనాలు ఇళ్ళకి చేరవేస్తాడు. ఇద్దరు డిగ్రీ మధ్యలో ఉన్నారు. ఒకమ్మాయి నర్సింగ్ చదువుతోంది; రాత్రి డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వస్తుంది. హాలులో అద్దం లేదు. అందుకని కిటికీలో సెల్‌ఫోన్ నిలబెట్టి, చేసింది రికార్డు చేసుకుని, అందరూ ఆ బుల్లి తెర చుట్టూ మూగి తప్పులు వెతుక్కుంటారు. మళ్ళీ మొదటినుంచి. ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్.

దాచడమెందుకు, వాళ్ళ మీద కాలనీ కమిటీకి మొట్టమొదట ఫిర్యాదు చేసింది నేనే. ఆదివారం ఒక్కరోజైనా ఏడింటిదాకా పడుకుందామనుకునే మనిషికి ఆ స్పీకరు పగవాడి గొంతులా వినపడుతుంది. ఒకరోజు లుంగీ మీదే వెళ్ళి, కేకలేద్దామని తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల పాట ఆగి ఉంది. ఒకబ్బాయి ముగ్గురి భుజాల మీద నిలబడి వెనక్కి పడబోతున్నాడు. కింద నలుగురు చేతులు పెనవేసుకుని ఉన్నారు. పడేముందు అతను కిందికి చూడలేదు. "ఉన్నారా?" అని మాత్రం అడిగాడు. "ఉన్నాం" అన్నారు నలుగురూ. పడ్డాడు. పట్టుకున్నారు. నేను తిట్టాలనుకున్న మాటలు మింగేసి, ఇంటికొచ్చి కాఫీ పెట్టుకున్నాను.

ఆ తర్వాత పరిచయం పెరిగింది. వాళ్ళలో పెద్దవాడిని మిగతావాళ్ళు 'అన్నా' అంటారు. అతను నన్ను 'అంకుల్' అంటాడు. నచ్చకపోయినా ఏం చేస్తాం. అతని దగ్గరొక లాంగ్ నోటుబుక్కుంది. అందులో ప్రోగ్రాములు, తేదీలు, వచ్చిన డబ్బు, ఎవరికెంత వెళ్ళిందీ రాసి ఉంటుంది. వచ్చినదాన్ని పదమూడు వాటాలు వేస్తారు. పదకొండు మందికి పదకొండు. పన్నెండోది స్పీకరు రిపేరుకీ, డ్రెస్సులకీ, ఆటోలకీ. పదమూడో వాటా 'మోకాలు' అనే పేరుతో ఉంటుంది. ఎవరికి దెబ్బ తగిలితే వాళ్ళ వైద్యానికి. ఈ పద్ధతి ఎవరు నేర్పారని అడిగాను. "ఎవరు నేర్పుతారు అంకుల్? మొదట్లో డబ్బుల దగ్గర గొడవైంది. ఇద్దరు వెళ్ళిపోయారు. అప్పటినుంచి రాసుకుంటున్నాం" అన్నాడు.

మరి ఆ డబ్బు ఎక్కడిది? మీరు ఈమధ్య ఏదో ఒక పెళ్ళి సంగీత్‌కి వెళ్ళే ఉంటారు. ఒకప్పుడు మన పెళ్ళిళ్ళలో సంగీత్ లేదు. 1994లో వచ్చిన 'హమ్ ఆప్కే హై కౌన్' లాంటి సినిమాలు చూసి చూసి మనమూ దాన్ని తంతులో కలిపేసుకున్నాం. ఆ రాత్రి వేదిక మీద పెళ్ళికూతురి మేనమామ ఒక్క నిమిషం నడుం ఊపితే చప్పట్లు మోగిపోతాయి. ఆ నిమిషం వెనక నాలుగు సాయంత్రాల కష్టముంది. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఆ మేనమామకి కుడిచెయ్యి ఎప్పుడు లేపాలో, ఎడమకాలు ఎప్పుడు వేయాలో నేర్పింది ఈ పదకొండు మందిలో ఎవరో ఒకరు. ప్రోగ్రాం నాడు వాళ్ళే నల్ల డ్రెస్సులు వేసుకుని వెనక నిలబడి, ముందు తడబడుతున్న చుట్టాలకి కనుసైగలతో స్టెప్పులు అందిస్తుంటారు. ఫొటోల్లో పడరు; పడినా ఆల్బంలోకి ఎక్కరు.

సంగీత్‌లు కాక స్కూల్ డేలు, కంపెనీల యాన్యువల్ డేలు, వినాయక చవితి పందిళ్ళు, షోరూం ప్రారంభాలు. శ్రావణంలోనూ మాఘంలోనూ నోటుబుక్కు పేజీలు కిక్కిరిసి ఉంటాయి. ఆషాఢంలో పేజీ తెల్లగా ఉంటుంది. మూఢం వస్తే ముహూర్తాలుండవు, ముహూర్తాలు లేకపోతే సంగీత్‌లుండవు. పంచాంగం చూసుకుని బతికేది పురోహితులొక్కరే కాదని నాకప్పుడే తెలిసింది.

వాళ్ళకి తెలియకపోవచ్చు గానీ, తెలుగు నేల మీద నాట్యం బతికింది ఇలా కలిసి కట్టిన జట్ల మీదే. కృష్ణా జిల్లా కూచిపూడి భాగవతులు మేళాలు కట్టి ఊరూరా తిరిగి ఆడిన కాలంలో 'సోలో' అన్న ఊసే లేదు. భామాకలాపంలో తెర మీదుగా జడ వేసే సత్యభామ ఎంతటి ఘనుడైనా (అప్పట్లో ఆడవేషాలూ మగవాళ్ళవే కదా) పక్కన సూత్రధారుడు లేకపోతే, మద్దెలా తాళమూ లేకపోతే, వంత పాడే గొంతు లేకపోతే ఆ జడ వట్టి జడే. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి ఇళ్ళ పిల్లలు పెద్దవాళ్ళ వెనక నిలబడే ఆట నేర్చుకున్నారు. చింతా వెంకటరామయ్య పేరుతో ముడిపడిన వెంకటరామ నాట్యమండలి అచ్చంగా అలాంటి బృందమే. 20వ శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి వంటి గురువులు ఆడపిల్లలకి నేర్పి, ఏకపాత్ర ప్రదర్శనకి దారి తీశాక కథ మారింది. మారడం మంచిదే. లేకపోతే జనాభాలో సగానికి ఆ వేదిక దక్కేదే కాదు. కానీ నాట్యం ఒక్క మనిషి చుట్టూ తిరగడం మొదలయ్యాక, ఖర్చు కూడా ఆ ఒక్క మనిషి నెత్తినే పడింది.

నమ్మకం కుదరకపోతే డిసెంబర్‌లో చెన్నై వెళ్ళి చూడండి. మార్గళి సీజన్‌లో నగరమంతా సభలే. భరతనాట్యం, కూచిపూడి నేర్చుకున్న అమ్మాయిలు హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు నుంచే కాదు, అమెరికా నుంచీ సింగపూర్ నుంచీ కూడా వస్తారు. కొత్తవాళ్ళకి దొరికేది ఎక్కువగా మధ్యాహ్నం స్లాటు. ముందు వరుసలో అమ్మా నాన్నా, గురువుగారు, ఇంకో ఇరవై మంది. ఆ గంట కోసం నట్టువాంగానికి, గాత్రానికి, మృదంగానికి, వయొలిన్‌కి లేదా వేణువుకి, మేకప్‌కి, లైట్లకి డబ్బు ఇవ్వాల్సింది డ్యాన్సరే. సభవాళ్ళు పారితోషికం ఇచ్చినా చాలాసార్లు అందులో సగం మందికి సరిపోదు. వేదిక కోసం ఎదురు డబ్బు కట్టాల్సి వస్తోందని డ్యాన్సర్లు బాహాటంగానే వాపోతుంటారు. ఎంత పేరొస్తే అంత ఖర్చు అన్నమాట. అందుకే ఈ రంగంలో నిలదొక్కుకున్నవాళ్ళలో ఎక్కువమందికి పగటిపూట ఒక ఉద్యోగం ఉంటుంది. లేదంటే ఉద్యోగమున్న తండ్రో భర్తో ఉంటాడు.

ప్రభుత్వం బొత్తిగా పట్టించుకోలేదని అనను. 18 నుంచి 25 ఏళ్ళ యువ కళాకారులకి కేంద్ర సాంస్కృతిక శాఖ రెండేళ్ళపాటు నెలకి 5,000 రూపాయల స్కాలర్‌షిప్ ఇస్తోంది. 40 ఏళ్ళలోపువాళ్ళకి సంగీత నాటక అకాడమీ 2006లో ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ పేరిట యువ పురస్కారం పెట్టింది. దానితో వచ్చేది 25,000 రూపాయలు. వాద్యబృందాన్ని వెంటబెట్టుకుని ఒకటి రెండు ప్రదర్శనలు ఇస్తే ఆ సొమ్ము అయిపోతుంది. పైగా ఇవన్నీ ఒక్కొక్కరికి ఇచ్చేవి. నలుగురు కలిసి పనిచేసే జట్టుకి దరఖాస్తులో గడి ఎక్కడుందో వెతుక్కోవాలి.

మనకి గుంపంటే మాత్రం మహా ఇష్టం. 2010 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో 2,800 మందికి పైగా నర్తకులు ఒకేసారి కూచిపూడి తిల్లానా చేసి గిన్నిస్ రికార్డు కొట్టారు. తర్వాతి సమ్మేళనాల్లో ఆ సంఖ్య ఇంకా పెరిగింది. ఆ దృశ్యం చూసి పులకించినవాళ్ళలో నేనూ ఉన్నాను. అయితే గుంపు వేరు, బృందం వేరు. ఆ వేలమంది సాయంత్రానికి గజ్జెలు విప్పి ఎవరి బస్సు వాళ్ళు ఎక్కారు. మర్నాడు పొద్దున్న ఒకరి కోసం ఒకరు రావాల్సిన అవసరం ఎవరికీ లేదు. చెన్నైలో వెంపటి చినసత్యం 1963లో పెట్టిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ దీనికి పూర్తిగా భిన్నం. 'క్షీరసాగర మథనం', 'శ్రీకృష్ణ పారిజాతం' వంటి నృత్యనాటకాల కోసం అక్కడ శిష్యులు నెలల తరబడి కలిసి సాధన చేశారు. తర్వాత సొంతంగా పేరు తెచ్చుకున్నవాళ్ళలో ఎంతోమంది ఆ నాటకాల్లో ఏదో ఒక పాత్రతో మొదలైనవాళ్ళే.

సభల సంగతి అలా ఉండగా, సభల గడప తొక్కని పిల్లలు వేరే చోట మేళాలు కట్టుకున్నారు. గురువు లేడు, ఘరానా లేదు, అరంగేట్రం ఖర్చు పెట్టే తండ్రి లేడు. టీవీ ఉంది. 1996లో సోనీలో మొదలైన 'బూగీ వూగీ' ఈ పిల్లలకి మొదటి కిటికీ. 2009లో అయితే తలుపులే తెరుచుకున్నాయి. జీ టీవీలో 'డ్యాన్స్ ఇండియా డ్యాన్స్', కలర్స్‌లో 'ఇండియాస్ గాట్ టాలెంట్', మన ఈటీవీలో 'ఢీ', మూడూ ఆ ఏడాదే మొదలయ్యాయి.

ఆ ఏడాది 'ఇండియాస్ గాట్ టాలెంట్' గెలిచిన ప్రిన్స్ డ్యాన్స్ గ్రూపు మనకి మరీ దూరపు వాళ్ళు కాదు. ఆంధ్ర సరిహద్దు దాటగానే వచ్చే గంజాం జిల్లా, బరంపురం. సగం సంభాషణలు తెలుగులోనే వినపడే ఊరు. గ్రూపు కట్టిన కొరియోగ్రాఫర్ కృష్ణమోహన్ రెడ్డి. సభ్యుల్లో ఎక్కువమంది ఇటుకలూ సిమెంటూ మోసే రోజుకూలీలు. ఇద్దరు వికలాంగులు. ఒంటినిండా వెండిరంగు పూసుకుని, ఒకరి మీద ఒకరు ఎక్కి, దేవుళ్ళనీ రథాలనీ తమ శరీరాలతోనే కట్టి చూపించారు. కట్టడం పనివాళ్ళకి అది కొత్త కాదు కదా అని నాకు అప్పుడు అనిపించింది. ఇటుక మీద ఇటుక ఎలా నిలుస్తుందో వాళ్ళకి తెలుసు. 50 లక్షల రూపాయల బహుమతి వచ్చింది. ఒడిశా ప్రభుత్వం కోటి రూపాయలు, డ్యాన్స్ అకాడమీ కోసం నాలుగు ఎకరాలు ప్రకటించింది. పత్రికలన్నీ ఆ కోటి గురించి రాశాయి. నాకు మాత్రం ఆ నాలుగు ఎకరాల మాటే ఎక్కువ తెలివైనదిగా తోచింది. ఎందుకో కాస్త ఆగి చెప్తాను.

ముంబై శివార్లలో నాలాసొపారా, వసై వైపు నుంచి సురేశ్ ముకుంద్ నడిపిన జట్టు ఇంకా దూరం వెళ్ళింది. 2015లో శాన్ డియెగోలో జరిగిన ప్రపంచ హిప్ హాప్ పోటీల్లో కాంస్యం తెచ్చుకుంది. అదే ఏడాది వచ్చిన 'ఏబీసీడీ 2' సినిమాకి వాళ్ళ కథే ఆధారం. 2019లో ఆ జట్టే 'ద కింగ్స్' పేరుతో అమెరికా టీవీ పోటీ 'వరల్డ్ ఆఫ్ డ్యాన్స్'లో గెలిచి పది లక్షల డాలర్లు అందుకుంది. మరుసటి ఏడాది, 2020లో, ముంబై మురికివాడల నుంచే వెళ్ళిన 'వి అన్‌బీటబుల్' అనే మరో బృందం 'అమెరికాస్ గాట్ టాలెంట్: ద ఛాంపియన్స్' గెలిచింది. వాళ్ళ చొక్కాల వెనక ఒక పేరు ఉండేది. రిహార్సల్‌లో జరిగిన ప్రమాదం తర్వాత చనిపోయిన తమ స్నేహితుడి పేరు అది. అమెరికా ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ కుర్రాడు పడినప్పుడు కింద సరైన పరుపు ఉందా, పక్కన శిక్షకుడు ఉన్నాడా, వైద్యానికి బీమా ఉందా అన్న ప్రశ్నలు ఆ చప్పట్లలో కలిసిపోయాయి. ఇలాంటి జట్లలో ఎవరికీ పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. మా హాలులో 'మోకాలు' వాటా చూసినప్పుడల్లా నాకు ఆ చొక్కాలు గుర్తొస్తాయి.

ఈ విజయాలు చూసి దేశమంతా ఇలాంటి జట్లు కోకొల్లలుగా పుట్టాయి. టీవీ కూడా వాటికి కడుపు నిండా పని ఇస్తుందనుకుంటాం. నిజానికి టీవీకి బృందం కన్నా మనిషి ముద్దు. పదకొండు మంది ఒకేసారి ఏడిస్తే క్లోజప్ కుదరదు. ఒక తల్లి, ఒక అద్దె గది, ఒక కష్టాల కథ కావాలి.

నిరుడు భోజనాలు చేరవేసే కుర్రాడు ఒక ఛానెల్ ఆడిషన్‌కి వెళ్ళాడు. జట్టంతా వెళ్ళింది గానీ వాళ్ళకి నచ్చింది అతనొక్కడే. మిగతా పదిమంది సంగతేమిటని అడిగితే, ఈసారి గ్రూపులు లేవన్నారట. ఆ ఆదివారం స్పీకరు మోగలేదు. ఏడింటిదాకా హాయిగా పడుకోవాల్సినవాణ్ణి, పడుకోలేకపోయాను. వెళ్ళి చూస్తే అందరూ నేల మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. నర్సింగ్ అమ్మాయి గొంతు ఒక్కటే పైకి వినిపిస్తోంది. "వెళ్ళద్దనే హక్కు మనకి లేదు. వెళ్తే మనల్ని మర్చిపోతాడేమో అనే భయం మాత్రం ఉంది. ఆ రెండూ కలపకండి" అంటోంది. ఆ పిల్ల వయసు ఇరవై ఒకటి. చివరికి వెళ్ళమన్నారు. షరతు ఒక్కటే: అక్కడ ఏమొచ్చినా పదమూడో వాటాకి అతని చెయ్యి పడాలి.

వెళ్ళాడు. రెండు వారాలు బాగా చేశాడు. మూడో వారం జడ్జీలు మెచ్చుకుని తక్కువ మార్కులేశారు. అయిదో వారం ఇంటికి పంపేశారు. ఆర్డర్లు ఇవ్వడానికి వెళ్తే ఇద్దరు గుర్తుపట్టి సెల్ఫీ దిగారని చెప్పి నవ్వాడు. మర్నాటి ఆదివారం అయిదున్నరకి హాలుకి వచ్చాడు. ఈలోగా ఫార్మేషన్ మారిపోయింది. ముందు వరుసలో అతని చోట ఇంకో అబ్బాయి సర్దుకున్నాడు. ఇతను ఎవరినీ అడగకుండా రెండో వరుస చివరికి వెళ్ళి నిలబడ్డాడు. ఎవరూ ఏమీ అనలేదు. కౌంటు మొదలైంది.

వెనక వరుస సినిమావాళ్ళకి బాగా తెలిసిన చిరునామా. 'మాయాబజార్' (1957)కి నృత్యాలు కూర్చిన పసుమర్తి కృష్ణమూర్తి కూచిపూడి సంప్రదాయం నుంచి వచ్చినవారే. ఒక రకంగా మేళం కృష్ణాతీరం నుంచి మద్రాసు స్టూడియో ఫ్లోర్ల మీదకి వలస వెళ్ళింది. సరోజ్ ఖాన్ చిన్న వయసులో గ్రూప్ డ్యాన్సరుగా మొదలై, సోహన్‌లాల్ దగ్గర అసిస్టెంటుగా ఏళ్ళ తరబడి పనిచేశారు. 1988లో 'తేజాబ్' పాటతో దేశం ఊగిపోయాక గానీ ఫిల్మ్‌ఫేర్‌కి కొరియోగ్రఫీకి ఒక అవార్డు ఉండాలన్న ఆలోచన రాలేదు. ప్రభుదేవా కూడా మొదట్లో పాటల్లో డ్యాన్సరుగా మెరిసి వెళ్ళినవాడే. ఈ పేర్లు చెప్పి పిల్లల్ని ఊరించడం తేలిక. ఆ గ్రూపుల్లోనే వాళ్ళ పక్కన నిలబడి, ముప్ఫై అయిదేళ్ళకి మోకాళ్ళు అరిగి, ఏ స్కూల్లోనో డ్యాన్స్ మాస్టారుగా చేరినవాళ్ళ పేర్లు మాత్రం ఎవరికీ గుర్తుండవు. సినిమాలో పని కావాలంటే యూనియన్ కార్డు కావాలి, కార్డుకి డబ్బు కావాలి, డబ్బుకి పని కావాలి. ఈ గుండ్రపు మెట్ల మీద మా హాలు కుర్రాళ్ళలో ఇద్దరు మూడేళ్ళుగా తిరుగుతున్నారు.

'నాటు నాటు' సంగతి చూడండి. ఆ పాటని ప్రపంచం గుర్తుపట్టింది వినికిడితో కాదు, కాళ్ళతో. ఇద్దరు హీరోలు భుజాల మీద చేతులు వేసుకుని ఒకే మనిషిలా కదిలిన ఆ స్టెప్పు ప్రేమ్ రక్షిత్ కూర్పు. 2023 మార్చి 12న ఆస్కార్ వచ్చింది సంగీతానికీ సాహిత్యానికీ, అంటే కీరవాణికీ చంద్రబోస్‌కీ. న్యాయమే, అది ఉత్తమ గీతం అవార్డు కాబట్టి. నృత్య దర్శకత్వానికి ఆస్కార్‌లో విభాగమే లేదు. 1930లలో మూడేళ్ళు ఇచ్చి మానేశారు. ఆ రాత్రి వేదిక మీద పాటని ప్రత్యక్షంగా ఆడినప్పుడు ఇంకో తమాషా జరిగింది. ముందు నిలబడి ఆడిన ప్రధాన డ్యాన్సర్లు భారతీయ మూలాలవాళ్ళు కారు. అమెరికాలో స్థిరపడిన దక్షిణాసియా డ్యాన్సర్లు దీని మీద గట్టిగానే నిరసన తెలిపారు. ఎన్నో ఏళ్ళుగా భాంగ్రా, బాలీవుడ్ జట్లు కట్టుకుని కాలేజీ పోటీల్లో ఆడుతూ ఒక్క పిలుపు కోసం ఎదురుచూసినవాళ్ళు వాళ్ళు. మన పాటకి చప్పట్లొచ్చాయని ఇక్కడ మనం మిఠాయిలు పంచుకుంటుంటే, అక్కడ వాళ్ళకి వెనక వరుస కూడా దక్కలేదు.

ఇప్పుడు ఆ నాలుగు ఎకరాల మాటకి వస్తాను. మీకేం కావాలని మా కుర్రాళ్ళని అడిగాను. డబ్బు అంటారనుకున్నాను, ఛాన్సు అంటారనుకున్నాను. "ఫ్లోర్ అంకుల్" అన్నారు ముక్తకంఠంతో. మా హాలు నేల షాబాద్ బండ. దాని మీద గంతేసి దిగితే దెబ్బంతా మోకాలికే. డ్యాన్స్‌కి కావాల్సింది కింద కాస్త స్ప్రింగులా ఇచ్చే చెక్క నేల. నగరంలో అలాంటి స్టూడియోలు ఉన్నాయి, గంట లెక్కన అద్దె. మూడు ఆదివారాలు అక్కడ చేస్తే ఒక సంగీత్ డబ్బు సరి. మా హాలు దొరక్కముందు వీళ్ళు అపార్ట్‌మెంట్ సెల్లార్లో చేశారు, కార్లు వస్తే ఆపేవాళ్ళు. డాబా మీద చేశారు, కింది ఇంటివాళ్ళు ఊరుకోలేదు. పార్కులో చేశారు, వాచ్‌మన్ వెళ్ళగొట్టాడు. సాయంత్రం అయిదు దాటితే ఖాళీగా ఉండే ప్రభుత్వ పాఠశాలల హాళ్ళు ఈ నగరంలో ఎన్ని లేవు? వాటికి తాళం వేయడానికి ఒక మనిషి ఉంటాడు, తీయడానికి ఉండడు.

నేల దొరికితే ఏమవుతుందో చూడాలంటే బెంగళూరు దగ్గర హెసరఘట్ట వెళ్ళాలి. మోడల్‌గా పేరుపడి, ఒడిస్సీ వైపు మళ్ళిన ప్రతిమా బేడీ కర్ణాటక ప్రభుత్వం లీజుకిచ్చిన పది ఎకరాల్లో 1990లో నృత్యగ్రామ్ మొదలుపెట్టారు. పొద్దున్నే పరుగు, తోటపని, ఆ తర్వాత రోజంతా సాధన, అందరూ ఒకేచోట భోజనం. 1998లో కైలాస మానససరోవర్ యాత్రలో కొండచరియలు విరిగిపడి ఆమె చనిపోయారు. వ్యక్తి చుట్టూ కట్టిన సంస్థలు వ్యక్తితోనే పోతాయంటారు. ఇది పోలేదు. సురూపా సేన్, బిజయిని సత్పతి వంటివాళ్ళు ఆ నేల మీదే ఉండి దాన్ని ప్రపంచం ఎరిగిన బృందంగా మలిచారు. అంతేకాదు, శ్రీలంకలోని చిత్రసేన డ్యాన్స్ కంపెనీ వాళ్ళతో కలిసి 'సంహార', 'ఆహుతి' అనే ప్రదర్శనలు రూపొందించారు. ఇటు ఒడిస్సీ నడుము వంపు, అటు కాండీ నృత్యపు వెడల్పాటి నిలకడ. రెండు దేశాల డ్యాన్సర్లు నెలల తరబడి కలిసి ఉండి, ఒకరి అడుగు ఒకరు నేర్చుకుంటే తప్ప అలాంటిది కుదరదు. అందరికీ పది ఎకరాలు దొరకవని నాకూ తెలుసు. మా వాళ్ళు అడిగేది ముప్ఫై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు, వారానికి నాలుగు పొద్దులు.

పోయిన నెల వాళ్ళలో ఒకబ్బాయికి స్టంట్ దిగుతుంటే కుడి మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ అన్నారు. పదమూడో వాటా మొత్తం లెక్కేస్తే మూడో వంతుకి వచ్చింది. మిగతాదానికి రెండు సంగీత్‌ల డబ్బు వాటాలు వేయకుండా కట్టేశారు. టీవీ కుర్రాడు తన అయిదు వారాల పారితోషికంలో మిగిలింది తెచ్చి నోటుబుక్కు మధ్యలో పెట్టాడు. దెబ్బ తగిలినబ్బాయి ఆరు నెలలు గంతులు వేయకూడదు. ఇప్పుడతను కుర్చీలో కూర్చుని కౌంటు చెప్తున్నాడు, ఫోన్ పట్టుకుని రికార్డు చేస్తున్నాడు. అతని వాటా అతనికి పడుతూనే ఉంది.

ఈలోగా మా కాలనీ కమిటీకి ఒక ప్రతిపాదన వచ్చింది. హాలుకి ఏసీలు పెట్టించి, ఒక క్యాటరింగ్ కాంట్రాక్టరుకి ఏడాది లీజుకిస్తే నెలనెలా మంచి అద్దె వస్తుందట. ప్రాక్టీసులు అవీ ఇక కుదరవు. ఆదివారం పొద్దుటి చప్పుడు మీద వచ్చిన ఫిర్యాదుల ఫైలు కూడా ప్రతిపాదనకి జతచేశారు. అందులో మొదటి కాగితం నా దస్తూరీలోనే ఉంది. దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని ఉత్తరం రాసిచ్చాను. ఒకసారి రికార్డులో చేరినదాన్ని తీయలేమని కార్యదర్శిగారు సెలవిచ్చారు. కావాలంటే మీటింగులో మాట్లాడమన్నారు.

మీటింగు వచ్చే ఆదివారం పదకొండు గంటలకి, ఆ హాలులోనే. ప్రాక్టీసు ఎనిమిదింటికి ముగించి, నేల ఊడ్చి, నూట ఇరవై కుర్చీలు వరుసగా వేయమని కమిటీవాళ్ళు ఆ కుర్రాళ్ళకే పురమాయించారు. సరేనన్నారట.